రాయి పెట్టిన కోటు

మా ఆడపడుచు డోలీనా నిమ్మళంగా కూర్చోవడం ఈ ముప్పై ఒక్క ఏళ్లలో నేను చూసింది చర్చిలో మాత్రమే. అక్కడా కాలు ఊరుకునేది కాదు. ప్రసంగం సాగేకొద్దీ ఆమె బూటు బల్లకాలిని టకటకా తన్నుతూ ఉండేది. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు. నేను మోచేత్తో పొడిచేదాన్ని. "నన్నేం చెయ్యమంటావే, అది నా మాట వినదు" అనేది.

మా బోర్నసే దీవిని చుట్టి రావాలంటే తొమ్మిది మైళ్లు. ఇరవై ఆరేళ్లపాటు ఆ తొమ్మిది మైళ్లూ సంచీ భుజాన వేసుకుని నడిచే ఉత్తరాలు పంచింది డోలీనా. ఆమెకు అరవై నిండిన ఏడాది తపాలాకు వ్యాను వచ్చింది. ఆమెకు ఒక గోడగడియారం బహుమతిచ్చి ఇంటికి పంపారు. దాన్ని తీసుకెళ్లి కొట్టంలో ఆవుకు ఎదురుగా తగిలించింది. మర్నాడు పొద్దున ఏడున్నరకు, రోజూ బయల్దేరే వేళకే, సంచీ లేకుండా గుమ్మం దిగింది.

"ఎక్కడికి వదినా?" అన్నాను.

"తెలిస్తే చెప్పనా? ఇంట్లో ఉంటే గోడలు మీదకొస్తున్నాయి" అంది.

అప్పట్నుంచి ఒడ్డు వెంట నడకే ఆమెకు ఉద్యోగమైంది. తుపాను వెలిసిన రోజున రెండు పూటలూ డ్యూటీ. పెళ్లి చేసుకోలేదు. అడిగినవాళ్లు లేక కాదు. అడిగిన ఇద్దరూ మంచి ఇళ్లు చూపించారట, ఒక్కడూ మంచి దారి చూపించలేదట. ఆ మాట ఆమే చెప్పి ఆమే నవ్వేది. పందొమ్మిదో ఏట సముద్రం అవతల పెద్దభూమిలో ఒక హోటల్లో పనికి పోయి పదకొండు రోజులకే పడవెక్కి తిరిగొచ్చింది. అక్కడ మెట్లెక్కడం దిగడమే తప్ప నడవడం లేదని ఫిర్యాదు.

ఆదివారం ఆమెకు గండం. మా దగ్గర ఆదివారం ఉతికిన బట్ట తీగ మీద వెయ్యం, సరదాకని కాలు బయట పెట్టం. నోరులేని జీవానికి మేత వెయ్యడం మాత్రం తప్పు కాదు. అందుకని డోలీనా ఒక ఆవును పెంచింది. పాలకోసమే అని ఊరు అనుకునేది. పాలకోసమే అయితే దాన్ని ఇంటి వెనక కట్టేసేది కదా. శనివారం సాయంత్రానికి దాన్ని దీవి కొసకు, రెండున్నర మైళ్ల అవతల దడిలోకి తోలేది. ఆదివారం పొద్దునా సాయంత్రం చూసి రావాల్సి వచ్చేది పాపం. దేవుణ్ణి కూడా దారిలో పెట్టుకున్న మనిషి.

మా దీవిలో చెట్టన్నది లేదు. కలపంతా సముద్రం ఇవ్వాల్సిందే. దూలం గానీ పలక గానీ తాడుచుట్ట గానీ ఏది ఒడ్డుకు కొట్టుకొచ్చినా, దాన్ని పోటు గీతకు పైకి లాగి మీద ఒక రాయి పెడితే అది పెట్టినవాళ్లది. వారం తర్వాత బండి తెచ్చుకో, ఏడాది తర్వాత తెచ్చుకో, ఎవరూ ముట్టుకోరు. దొంగతనమనే మాట మా దగ్గర పెద్దగా వినపడదు కానీ రాయి తీసినవాడని పేరొస్తే మనవళ్లదాకా పోదు. డోలీనా కొట్టం తలుపు అలా వచ్చిందే, ఇత్తడి పిడితో సహా. మా వంటింటి బల్ల కూడా.

ఒకసారి కొత్తగా వచ్చిన పాస్టరుగారు పాపం తెలియక, రాయి పెట్టి ఉన్న నాలుగు పలకలు తీసుకుపోయి కోళ్లగూడు చేయించుకున్నారు. డోలీనా సుత్తి పట్టుకుని వెళ్లి, పట్టపగలు, ఆయన భార్య చూస్తుండగా గూడంతా విప్పింది. మేకులు మాత్రం లెక్కపెట్టి గుమ్మం మీద పెట్టింది, అవి ఆయనవి కాబట్టి. పదకొండు కోళ్లు చర్చి వసారాలో తిరుగుతుంటే ఆ వారం ప్రసంగం అయింది. అప్పట్నుంచి డోలీనా రాయి అంటే చిన్నపిల్లలు కూడా ఆమడ దూరం.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నా పేరు ఇషబెల్. డోలీనా తమ్ముడు నార్మన్‌ని చేసుకుని ఈ ఇంటికొచ్చాను. ఆమె ఇల్లూ మా ఇల్లూ ఒక గోడ పంచుకున్నాయి. ఊరి కొట్టు నేనే చూస్తాను. చేతులు మంచివి, నోరు మంచిది కాదు. అది అందరికీ తెలుసు, నాకు ఎక్కువ తెలుసు. డోలీనా తిట్టుకు తిట్టు అప్పజెప్పేది కాబట్టి మా ఇద్దరి మధ్య మాటకు పదును పెరిగేదే కానీ గాయం అయ్యేది కాదు. అలాగే అనుకున్నాను.

పోయిన ఫిబ్రవరిలో మూడు రోజులు గాలి వాయించింది. తలుపు తీస్తే మనిషిని తీసుకుపోయే గాలి. ఆ మూడు రోజులూ డోలీనా నా వంటింట్లోనే గింగిరాలు తిరిగింది. కిటికీ దగ్గరకు పోతుంది, గాజు మీద ముక్కు పెడుతుంది, వెనక్కొస్తుంది, అల్లిక అందుకుంటుంది, నాలుగు కుట్లు వేసి పడేస్తుంది.

"కూర్చో వదినా, తల తిరుగుతోంది నాకు."

"నీ తల ఎప్పుడు నిలబడిందని. ఉత్తరం ఒడ్డున ఎంత కలప పడిందో ఈపాటికి!"

"పడితే పడుతుంది. డెబ్బై ఒకటి దాటాయి, ఇంకా దూలాలు లాగుతావా?"

"నీకు యాభై ఆరే కదా, నువ్వు రా లాగడానికి. రావు. పొయ్యికి అతుక్కుపోయావు, పిల్లికన్నా అన్యాయం."

నాలుగో రోజు, బుధవారం, తెల్లారేసరికి గాలి తగ్గింది. పడవ వచ్చే రోజు. కొట్టు సరుకు దింపించుకోవాలి. ఉప్పుమాంసం, బార్లీ, ముల్లంగి కుండలో వేసి పొయ్యి మీద పెట్టాను. ఆ మాంసం నవంబరులో మేమే కోసి ఉప్పులో వేసిన దాంట్లో ఆఖరిది. "వదినా, ఒక్క గంట ఈ కుండ చూడు. అడుగంటకుండా తిప్పుతూ ఉండు చాలు. నేను వచ్చాక ఎక్కడికి పోతావో పో" అన్నాను. సరే అంది. కళ్లు మాత్రం కిటికీ మీద ఉన్నాయి. అప్పుడే నాకు అర్థం కావాల్సింది.

పదకొండింటికి వచ్చేసరికి ఇల్లంతా పొగ. కుండ నల్లగా బొగ్గయి కూర్చుంది. కుక్క కూడా బయటికి పోయి దగ్గుతోంది. డోలీనా లేదు, కొక్కేనికి ఆమె పసుపుపచ్చ వానకోటు లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. కుండ పెరట్లోకి విసిరేసి, కిటికీలన్నీ తెరిచి, నార్మన్‌కి రొట్టె, జున్ను పెట్టాను.

"కూర ఏదీ?" అన్నాడు.

"మీ అక్కయ్యని అడుగు" అన్నాను. పాపం రొట్టె తిని పోయాడు.

ఒంటిగంటకు పక్కింటి మర్డీనా వచ్చింది. తుపానులో ఆమె గొర్రెలు రెండు కనిపించకుండా పోయాయి, కడుపుతో ఉన్నవి. ఒక్కతే వెతకడం ఆమె వల్ల కాదు, మోకాలు మంచిది కాదు. నాకూ ఇంట్లో పొగవాసన భరించడం కష్టంగా ఉంది. ఇద్దరం ఉత్తరం ఒడ్డుకు పోయాం. అప్పటికి గాలి మళ్లీ లేచింది. ఈసారి నేల మీంచి సముద్రం మీదకు వీస్తోంది. వీపు మీద చేతులు వేసి తోస్తున్నట్టుంది.

ఆ ఒడ్డున ఒకచోట సముద్రం కొండను కోసుకుని లోపలికి వచ్చింది. ఎద్దు సందు అంటాం దాన్ని. మా తాతల నాడు ఒక ఎద్దు అందులో పడింది. సందు అంచున, గొర్రెల బాటకు పది అడుగుల దూరంలో, గడ్డి మీద డోలీనా పసుపుపచ్చ కోటు పరిచి ఉంది. కింద ఏదో ఎత్తుగా ఉంది. మీద తలకాయంత రాయి.

"ఏదో దొరికినట్టుంది డోలీనాకి. ఏంటో చూద్దామా?" అని మర్డీనా వంగింది.

"ముట్టుకోకు తల్లీ!" అన్నాను. "రాయి పెట్టింది. కోటు అంచు కదిలిందని తెలిస్తే రేపు మన ఇళ్లు పీకుతుంది. తోపుడు బండికోసం ఇంటికి పోయుంటుంది."

"కోటు లేకుండానా? ఈ చలిలో?"

"దానికి చలేంటి, వానేంటి! నా కుండ తగలేసి వచ్చి ఇక్కడ చెత్త ఏరుకుంటోంది. ఇల్లు పట్టని మనిషి. ఏదో ఒకరోజు ఏ సందులోనో పడి చస్తుంది, మాకు పీడా విరగడవుతుంది!"

గొంతు తగ్గించి అనలేదు. నా గొంతు తగ్గదు. మర్డీనా "ఊరుకోవే, పాపిష్టి మాటలు" అంది. గొర్రెలు ఇంకో పావుమైలు అవతల గోడ చాటున దొరికాయి. వాటిని తోలుకుని లోపలి దారిన తిరిగొచ్చాం.

మూడు దాటాక, పొగ పట్టిన కర్టెన్లు ఉతికి ఆరేద్దామని పెరట్లోకి వచ్చాను. తీగకు క్లిప్పులు పెడుతూ పెడుతూ డోలీనా ఇంటి గోడకేసి చూశాను. తోపుడు బండి గోడకు ఆనించే ఉంది. తొట్టిలో మూడు రోజుల వాననీళ్లు నిండుగా ఉన్నాయి. ఎవరూ కదపలేదు.

చేతిలో తడిబట్ట అలాగే ఉంది. ఆమె తలుపు తోసి చూశాను, ఇల్లు చల్లగా ఉంది. కొట్టంలో ఆవు ఒకటే అరుస్తోంది, మధ్యాహ్నం మేత పడలేదు. బండికోసం రాలేదు. మరి కోటు లేకుండా రెండు గంటలుగా ఎక్కడుంది? కోటు మీద రాయి పెట్టింది తన సొత్తని చెప్పడానికి కాదు. గాలికి కోటు ఎగిరిపోకుండా పెట్టింది. దారిన పోయేవాళ్లకు కనపడాలని పరిచింది.

అమావాస్య పోటు ఆ రోజు. నాలుగున్నరకు నిండుతుంది. నిండితే ఎద్దు సందులో గజం నేల మిగలదు.

నేను పరుగెత్తి ఎన్నేళ్లయిందో. ఆ రోజు పరుగెత్తాను. నార్మన్ పడవల షెడ్డులో ఉన్నాడు. చెయ్యి పట్టుకుని లాగాను. దారిలో టార్కిల్ ఎదురయ్యాడు, గొర్రెల దగ్గరకు నాలుగు చక్రాల బండి మీద పోయే కుర్రాడు, కుర్రాడంటే నలభై ఏళ్లవాడే. విషయం చెప్పాను.

"నేనూ చూశాను అత్తా. రెండింటప్పుడు. బండి ఆపాను కూడా. డోలీనా అత్త రాయి కదా అని..."

"తాడు ఉందా?" అన్నాడు నార్మన్.

"ఉంది, ఎక్కండి."

నేను వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. మిట్టపల్లాల మీద బండి ఎగిరి పడుతుంటే, ఇంకా తొందరగా పోనీ ఇంకా తొందరగా పోనీ అని వాడి వీపు మీద కొడుతూనే ఉన్నాను. మబ్బు కమ్ముకొస్తోంది, వెలుగు తగ్గుతోంది. పోటు చప్పుడు ముందే వినిపించింది.

కోటు అలాగే ఉంది. రాయి తీసి చూస్తే కింద ఆమె చేతిసంచీ. అంచుకు పాకి తొంగి చూశాం. మూడు నిలువుల కింద, గాలి తగలని రాతి అరుగు మీద ముడుచుకుని పడుంది. అల వచ్చినప్పుడల్లా నడుందాకా నీళ్లు. పక్కన ఒక దూలం తేలుతూ రాతికి కొట్టుకుంటోంది, మంచి దూలం, పద్నాలుగు అడుగులుంటుంది. దాన్నే పైకి లాగబోయింది. అది దొర్లి పాదం మీద పడింది. ఎలా లాక్కుందో ఏమో, పాదం విడిపించుకుని, వాలు రాళ్ల మీదుగా చేతులతో అంచుదాకా పాకి, కోటు పరిచి రాయి పెట్టింది. ఇక ఒక్క అడుగు పాకలేక, గాలికి తట్టుకోలేక మళ్లీ అరుగు మీదకు జారిపోయింది.

నార్మన్ తాడు కట్టుకుని దిగాడు. నేనూ టార్కిల్ పట్టుకున్నాం. అరచేతుల తోలు ఊడింది. పైకి తెచ్చేసరికి పెదవులు నీలం. అయినా నోరు లేచింది. "రాయి తియ్యడానికి ఇంతసేపా నార్మన్?" అంది. నార్మన్ ఏడుస్తూ నవ్వాడు. ఆమె నావైపు చూడలేదు. నొప్పిలో ఉంది కదా అనుకున్నాను.

హెలికాప్టరు వచ్చి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. ఎడమ పాదం తీసేశారు. ఇంకో రెండు గంటల ముందు తెచ్చుంటే దక్కేదేమో అన్నాడట డాక్టరు. ఆ మాట నార్మన్ ఫోనులో చెప్పాడు. ఫోను పెట్టేశాక నేను కొట్లో నిలబడలేకపోయాను, ఇంట్లో నిలబడలేకపోయాను. అటూ ఇటూ తిరిగాను.

ఏప్రిల్లో వచ్చింది డోలీనా. కొయ్యపాదం ఇంకా సరిపడలేదు, గాయం ఆరాలి. మా వంటింట్లో కిటికీ దగ్గర కుర్చీ వేశాం. మర్డీనా వచ్చి కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చింది. టార్కిల్ టోపీ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. అందరితోనూ ఒకటే చెప్పింది. "నాకు స్పృహ లేదురా. ఎవరొచ్చారో ఎవరు పోయారో తెలీదు. అరిచే ఓపిక ఎక్కడిది? మీ తప్పేం లేదు, మనూరి పద్ధతి అంతే." నార్మన్‌తోనూ అదే చెప్పింది. అందరూ తేలికపడి పోయారు. నేనూ కొంత తేలికపడ్డాను, అబద్ధమెందుకు.

కానీ ఆ కుర్చీలో ఆమెను చూడడం నరకం. చేతులు ఊరుకోవు. కర్టెను లాగుతుంది, వదులుతుంది. బల్ల మీద వేళ్లతో దరువు వేస్తుంది. గాలి మారితే మెడ నిక్కిస్తుంది. రాత్రంతా మంచం కిర్రుమంటుంటే గోడ అవతల నుంచి వింటాను. మూడో రోజు ఉండబట్టలేక "నేను పోయి చూసొస్తాను వదినా, ఏం పడిందో" అన్నాను. కుర్చీలోంచి సగం లేచింది. ఏ సందులో ఏ పోటుకు ఏం పడుతుందో గడగడా చెప్పింది. తిరిగొచ్చాక బూట్లు విప్పనివ్వదు.

"పడమటి ఇసకలో?"

"ఒక నీలం డబ్బా."

"మూత ఉందా? ఏ వైపు పడుంది? పొద్దుటి పోటుదా, నిన్నటిదా?"

"నాకేం తెలుసు వదినా?"

"కళ్లున్నాయి దేనికే? రేపు సరిగ్గా చూడు."

అలా రోజూ నడుస్తున్నాను. అలవాటు లేని కాళ్లు బొబ్బలెక్కాయి, మానాయి, గట్టిపడ్డాయి.

మే నెలలో ఒక మధ్యాహ్నం నార్మన్ ఎండ్రకాయల బుట్టలు ఎత్తడానికి పోయాడు. ఇంట్లో మేమిద్దరమే. నా మనసులో ఉన్నది కక్కేస్తే గానీ అన్నం సయించేలా లేదు. "వదినా, ఆ రోజు మర్డీనా కోటు ఎత్తబోతే నేనే వద్దన్నాను" అన్నాను.

"తెలుసు."

"మర్డీనా చెప్పిందా?"

"నువ్వే చెప్పావు. గాలి మీవైపు నుంచే వీస్తోంది కదే. ప్రతి ముక్కా వినపడింది. నా కేక మీకు ఎక్కలేదు, నీ మాట నాకు దిగింది."

నేను కుర్చీ వెనక నిలబడి ఉన్నాను. మొహం కనపడలేదు. గొంతులో కోపం లేదు. ఉంటే బావుండేది.

"అంతకుముందు గంటనుంచీ అరుస్తూనే ఉన్నాను" అంది. "నువ్వు ఆ మాటన్నాక మానేశాను. సరే, ఇషబెల్ పీడ విరగడ చేద్దాం అనుకున్నా. ఒళ్లు మండింది. ఆ తర్వాత టార్కిల్ వచ్చాడు. బండి ఆపాడు, ఇంజను కట్టేశాడు. అంచుమీదే నిలబడి సిగరెట్టు కాల్చాడు, వాడి దగ్గు వినపడింది, బూడిద నా మీద పడింది. ఒక్క కేక పెడితే చాలు."

"పెట్టలేదా?"

"పెట్టలేదు. నోరు మూసుకు పడుకున్నా. వాడు పోయాక నీళ్లు మోకాళ్లకొచ్చాయి. అప్పుడు బుద్ధొచ్చింది, బతకాలనిపించింది. అరిస్తే ఇంకెవరున్నారు?"

నేను నేల మీద కూర్చుండిపోయాను. ఏడవడానికి కూడా సిగ్గేసింది. "మరి స్పృహ లేదని అందరితో ఎందుకు చెప్పావు వదినా?"

"ఏం చెప్పమంటావే? నార్మన్ నా తమ్ముడు. నీతో బతకాలి. కాలు ఎలాగూ పోయింది, ఇల్లు కూడా పోవాలా?" అంది. కర్టెను పక్కకు లాగి బయటికి చూసింది. "లే. రెండున్నరకు ఆటు మొదలైంది. ఇప్పుడు పోతే ఎద్దు సందు అడుగుదాకా చూడొచ్చు."

లేచి బూట్లు వేసుకున్నాను. ఆ రోజు నుంచి ఈ రోజుదాకా ఒక్కపూట మానలేదు. నార్మన్‌కు చెప్పలేదు, చెప్పే ధైర్యం లేదు. చెప్పకుండా అతని పక్కన కూర్చుని తినే ధైర్యమూ లేక, సగం తిని లేచిపోతుంటాను. దారిలో కనపడ్డవాళ్లంతా ఆగి మెచ్చుకుంటారు. ఆడపడుచు కోసం ఈ వయసులో ఇంత నడుస్తోంది, ఇషబెల్‌ది నోరే చెడ్డది కానీ మనసు బంగారం అంటారు. ఆ మాట వినపడగానే నిలబడలేను. ఇంకా తొందరగా నడుస్తాను.